పిల్లాడి తలనొప్పికి బిళ్ళ: ఏది, ఎంత, ఎవరి చేత్తో?

పెద్దాపురంలో ఆదివాసీ యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



పొద్దున్నించి 1/70 చట్టం గురించి, పోడు పట్టాల గురించి, పోలవరం కాలనీల గురించి విన్నారు. నాకు అప్పజెప్పింది పిల్లల తలనొప్పి. ఇంత పెద్ద సభలో ఇదొక విషయమా అని మీలో కొందరు నవ్వుకున్నారు, నేను చూశాను. నవ్వండి, పర్లేదు. కానీ మీ ఇంట్లోనో, మీరు చదివిన ఆశ్రమ పాఠశాలలోనో, నెలకి రెండు మూడు సార్లు తల పట్టుకుని మూలన పడుకునే పిల్లనో పిల్లాడినో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఆ పిల్లని మనం ఏమని పిలిచాం? "నాటకాలు." "లెక్కల పరీక్షంటే దానికి తలనొప్పొస్తాది." అంతే గదా.

ఈ మాట పెద్దాపురంలో చెప్పడానికి కారణం ఉంది. శంఖవరం, రౌతులపూడి, ప్రత్తిపాడు కొండల్లో ఉన్న మన ఊళ్ళు చాలా వరకు షెడ్యూల్డ్ ఏరియా కాగితంలో లేవు. కొండ మీదే పుట్టాం, అయినా ఏజెన్సీ కాదంటారు. పిల్లకి ఒళ్ళు బాగోకపోతే ఆ ఊళ్ళ వాళ్ళు దిగొచ్చేది ఈ వైపే. అటు రంపచోడవరం, రాజవొమ్మంగి నుంచి చదువుకోసం, పనికోసం వచ్చినవాళ్ళు కూడా ఇక్కడున్నారు. అందరం మెడికల్ షాపు కౌంటర్ దగ్గర ఒకే మాట అంటాం: "పిల్లోడికి తలనొప్పండి, ఏదన్నా బిళ్ళివ్వండి." ఆ "ఏదన్నా" అనే మాట గురించే నా ప్రసంగమంతా.

ముందు జబ్బు సంగతి. మైగ్రేన్‌ని మనవాళ్ళు ఒంటి తలనొప్పి, పార్శ్వపు నొప్పి అంటారు. పెద్దవాళ్ళకి ఒకవైపు కొట్టుకున్నట్టు వస్తుంది కాబట్టి ఆ పేరు. పిల్లల్లో అలా ఉండకపోవచ్చు. నుదురంతా, రెండువైపులా నొప్పి పుట్టొచ్చు. పెద్దవాళ్ళకి గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఉంటే, పిల్లలకి రెండు గంటల్లోనే తగ్గిపోవచ్చు. వాంతి అవుతుంది, వెలుతురు చూడలేరు, గోల భరించలేరు, ముఖం పాలిపోతుంది. చీకట్లో పడుకుని నిద్రపోయి లేచేసరికి ఏమీ జరగనట్టు ఆడుకుంటారు. ఇదిగో, ఇక్కడే మనం మోసపోతాం. పొద్దున్న ఏడ్చిన పిల్ల సాయంత్రం కబడ్డీ ఆడుతుంటే "చూశావా, నాటకం" అంటాం. నాటకం కాదు, ఆ జబ్బు నడిచే తీరే అది. అమ్మకో నాన్నకో ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ. కొంతమంది చిన్నపిల్లలకి తలనొప్పి బదులు మళ్ళీమళ్ళీ కడుపునొప్పి రూపంలో కూడా వస్తుంది.

అయితే మనం ఉండే చోట ఒక జాగ్రత్త ఉంది. హైదరాబాద్‌లో పిల్లాడికి తలనొప్పంటే మైగ్రేనా, కళ్ళజోడా అని ఆలోచిస్తారు. మన్యంలో తలనొప్పితో పాటు జ్వరం ఉంటే మొదటి ఆలోచన మలేరియా. ఆశా అక్క దగ్గర వేలు గుచ్చి చేసే పరీక్ష ఉంటుంది, పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. ఆ పరీక్ష చేయించకుండా జ్వరం బిళ్ళ వేస్తే వేడి తగ్గుతుంది, పిల్ల లేచి కూర్చుంటుంది, మనం ఊపిరి పీల్చుకుంటాం. లోపల ఫాల్సిపారం ఉంటే అది మాత్రం ఆగదు, మెదడుకెక్కుతుంది. బిళ్ళ వెయ్యొద్దని కాదు, వేసి ఊరుకోవద్దు.

రెండోది సికిల్ సెల్. కోయ, కొండరెడ్డి కుటుంబాల్లో ఇది ఉందని మీకు తెలుసు. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, 40 ఏళ్ళ లోపు వాళ్ళకి పరీక్షలు చేసి కార్డులివ్వడం అందులో భాగం. కార్డు పెట్టెలో దాచి పెట్టకండి. సికిల్ సెల్ జబ్బున్న పిల్లకి ఉన్నట్టుండి గట్టి తలనొప్పొచ్చినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. పిల్లలకి కూడా పక్షవాతం వస్తుంది. అప్పుడు బిళ్ళ, పసరు, మెడికల్ షాపు ఏదీ కాదు, 108 ఎక్కించి కాకినాడ పెద్దాసుపత్రికి పోవాల్సిందే.

ఇంకొన్ని గుర్తులు చెప్తాను, రాసుకోండి. నిద్రలోంచి లేపే తలనొప్పి. లేవగానే వాంతులు, రోజురోజుకీ పెరగడం. మెడ బిగుసుకోవడం. ఫిట్స్. చూపు మసకబారడం, రెండేసి కనబడటం. నడకలో తూలడం. చెట్టు మీంచో బండి మీంచో పడ్డ తర్వాత మొదలైన నొప్పి. ఐదారేళ్ళలోపు పిల్లకి మొదటిసారి వచ్చిన గట్టి నొప్పి. వీటిలో ఏది ఉన్నా దాన్ని మైగ్రేన్ అనుకునే హక్కు మనకి లేదు. డాక్టరు చూడాలి.

ఇవేవీ లేవు, డాక్టరు ఒకసారి చూసి మైగ్రేనే అన్నారు అనుకోండి. ఇప్పుడు బిళ్ళ సంగతి.

పిల్లలకి మందు ఇచ్చేది వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. ఇది మనకి ఇంకా ముఖ్యం. మందు అట్టపెట్టె మీద ఏళ్ళ లెక్క ఉంటుంది. ఆ లెక్క బాగా తిన్న పిల్లలకి సరిపోతుంది. మన దగ్గర పదేళ్ళ పిల్ల 20 కిలోలు ఉండటం వింతేమీ కాదు. పారాసెటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాములు ఒక మోతాదు. అంటే 20 కిలోల పిల్లకి 300. షాపులో దొరికే పెద్దవాళ్ళ బిళ్ళ 500, ఇంకోటి 650. ఆ 650 బిళ్ళ ఆ పిల్లకి వేస్తే ఇవ్వాల్సినదానికి రెట్టింపు దాటిపోతుంది. ఒకసారికి ఏమీ కాకపోవచ్చు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి వాచ్‌మన్ ఇంకోటి అంటే లివర్ దెబ్బ తింటుంది. ఆకలితో ఉన్న, బక్కచిక్కిన పిల్లల లివర్‌కి దాన్ని తట్టుకునే శక్తి ఇంకా తక్కువ. కామెర్లు ఉన్న పిల్లలకి డాక్టరు చెప్పకుండా ఇవ్వనే ఇవ్వకూడదు. మోతాదుకీ మోతాదుకీ నాలుగు నుంచి ఆరు గంటలు ఎడం, రోజుకి నాలుగు సార్లకి మించకూడదు.

సిరప్ అయితే ఇంకో తిరకాసు. ఒక సీసాలో 5 మిల్లీలీటర్లకి 125 మిల్లీగ్రాములు, ఇంకో సీసాలో అదే 5 మిల్లీలీటర్లకి 250. రంగూ వాసనా ఒకలాగే ఉంటాయి. అంకె చదవకుండా "ఒక చెంచా" అంటే అర్థం లేదు. వంటింటి చెంచా ఎన్ని రకాలో మీకు తెలుసు. మూతతో పాటు ఇచ్చే కొలత గిన్నె పారెయ్యొద్దు.

మైగ్రేన్‌కి ఐబుప్రోఫెన్ బాగా పనిచేస్తుంది, కిలోకి 10 మిల్లీగ్రాములు, ఏదైనా తిన్న తర్వాత. కానీ డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఇవ్వకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. విరేచనాలతో, వాంతులతో ఒళ్ళు ఎండిపోయిన పిల్లకి ఇస్తే కిడ్నీకి ముప్పు. సికిల్ సెల్ పిల్లలకీ, ఆయాసం ఉన్న పిల్లలకీ డాక్టరుని అడిగే ఇవ్వాలి.

ఇవ్వకూడనివి చెప్తా. ఆస్ప్రిన్ పిల్లలకి వద్దు. వైరస్ జ్వరంలో అది పడితే మెదడు, లివర్ రెండూ దెబ్బతినే రై సిండ్రోమ్ రావచ్చు. నిమెసులైడ్‌ని 12 ఏళ్ళలోపు పిల్లలకి మన దేశంలో 2011లోనే నిషేధించారు. "గట్టిగా పనిచేస్తాది" అని ఎవరన్నా చేతిలో పెడితే ఆ అట్ట వెనక పేరు చదవండి. పెద్దవాళ్ళ మైగ్రేన్‌కి ఎర్గోటమిన్ కలిపిన బిళ్ళలు ఉంటాయి. నాన్నకి పనిచేసిందని కొడుక్కి సగం విరిచి ఇవ్వకండి, అది రక్తనాళాల్ని బిగించే మందు. సుమాట్రిప్టాన్, రైజాట్రిప్టాన్ లాంటివి ఉన్నాయి, కొంతమంది పిల్లలకి అవసరమే, కానీ డాక్టరు చీటీ మీదే. ఏదో తెలియని సూది మందు మాత్రం వద్దే వద్దు. సూది గుచ్చితేనే వైద్యం అన్న నమ్మకం ఎక్కణ్ణించి వచ్చిందో గానీ మన ఊళ్ళని బాగా పిండుకుంది.

శొంఠి అరగదీసి నుదుటికి రాస్తామంటే రాయండి, కంట్లో పడకుండా. దానితో గొడవ లేదు. కణతల మీద వాతలు పెట్టడం మాత్రం ఆపాలి. ఆ మాట మన పెద్దలకి మనమే, మర్యాదగా చెప్పాలి. బయటోడు వచ్చి వెటకారంగా చెప్తే వాళ్ళు వినరు, వినకపోవడం తప్పూ కాదు.

బిళ్ళ ఎప్పుడివ్వాలి? నొప్పి మొదలైన అరగంటలోపే. ముదిరాక ఇస్తే వాంతిలో పోతుంది. ఆశ్రమ పాఠశాలలో ఇదే జరగదు. పిల్ల టీచర్‌కి చెప్పాలి, టీచర్ వార్డెన్‌కి చెప్పాలి, తాళం చెవి ఇంకొకరి దగ్గర ఉంటుంది. రెండు గంటలు పోతాయి. అప్పుడిచ్చిన బిళ్ళ పనిచేయలేదని ఇంకోటి ఇస్తారు.

అలాగని తరచుగా ఇస్తూ పోతే అదే తలనొప్పి అవుతుంది. నెలకి 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా మామూలు నొప్పి బిళ్ళలు వాడితే ఆ బిళ్ళల వల్లే రోజూ తలనొప్పి మొదలవుతుంది. వారానికి రెండు మూడు రోజులు దాటి అవసరం పడుతోందంటే డాక్టరు దగ్గరికి పోవాలని అర్థం.

అప్పుడు కొందరికి రోజూ వేసుకునే మందు రాస్తారు. దీని గురించి ఒక లెక్క చెప్పాలి. అమెరికాలో 8 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 361 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకి అమిట్రిప్టిలిన్, ఇంకో గుంపుకి టోపిరమేట్, మూడో గుంపుకి మందు లేని ఉత్తి బిళ్ళ ఇచ్చారు. ఫలితం 2017లో పెద్ద వైద్య పత్రికలో వచ్చింది. తలనొప్పి రోజులు సగానికి తగ్గినవాళ్ళు అమిట్రిప్టిలిన్‌తో 52 శాతం, టోపిరమేట్‌తో 55 శాతం, ఉత్తి బిళ్ళతో 61 శాతం. ఇక ప్రయోజనం తేలదని పరీక్ష మధ్యలోనే ఆపేశారు. పైగా అసలు మందు వాడినవాళ్ళకే ఇబ్బందులు ఎక్కువ. దీనర్థం మందులన్నీ దండగని కాదు. డాక్టరు రాసిన మందు మీరు సొంతంగా ఆపెయ్యకండి. కానీ "ఇది ఎందుకు, ఎన్నాళ్ళు, ఏ ఇబ్బందులు రావొచ్చు" అని అడగండి. అడిగితే కోప్పడే డాక్టరుని ఇంకోసారి అడగండి.

మందు కంటే ముందు చూడాల్సింది ఆ పిల్ల రోజు ఎలా గడుస్తోందో. మైగ్రేన్‌ని రేపేవి ఆకలి, దాహం, నిద్ర తక్కువ, ఎండ, దిగులు. ఇప్పుడు మన హాస్టల్ రోజు చూడండి. రాత్రి భోజనం ఏడింటికి అయిపోతుంది, మళ్ళీ టిఫిన్ మర్నాడు ఎనిమిదింటికి, అది కూడా అయితే అయినట్టు. ఒక గదిలో కిక్కిరిసి పడుకుంటే నిద్రెక్కడ? ఆడపిల్లలు నీళ్ళు తాగరు. ఎందుకు తాగరో మగపిల్లలకి తెలియాలి కాబట్టి గట్టిగా చెప్తున్నాను: మరుగుదొడ్డికి తలుపు లేదు, నీళ్ళు లేవు, అందుకని తాగరు. నెలసరి రోజుల్లో ఆ నొప్పి ఇంకా ఎక్కువ. ఆ పిల్లకి బిళ్ళ ఇచ్చి పంపిస్తే మనం వైద్యం చేశామా? మరుగుదొడ్డికి తలుపు పెట్టించడం కూడా మైగ్రేన్ మందే. ఐటీడీఏకి ఇచ్చే అర్జీలో ఈ మాట ఇలాగే రాయండి.

ఇక ఎవరి చేత్తో అన్న ప్రశ్న. ఇది మనకి కొత్త కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో భద్రాచలం చుట్టుపక్కల మన ఆడపిల్లలకి, 10 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. దాదాపు 14 వేల మంది పిల్లలు, చాలామంది హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు. తర్వాత కొందరు తలనొప్పి, కడుపునొప్పి, ఫిట్స్ వస్తున్నాయని చెబితే పట్టించుకునే ఏర్పాటు లేదు. కొందరు పిల్లలు చనిపోయారు. టీకా వల్ల కాదని ప్రభుత్వ విచారణ చెప్పింది, ఆ టీకా చెడ్డదని నేనూ అనడం లేదు, చాలా దేశాల్లో అది ప్రాణాలు కాపాడుతోంది. నా మాట సంతకం గురించి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో ఉంది: చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. 1,948 మీద వేలిముద్రలు. కొండ మీద బతికున్న అమ్మానాన్నల్ని అడగలేదు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆపేశారు, అది కూడా సంఘాలు అడిగితేనే.

వార్డెన్ చేతిలో బిళ్ళకీ ఆ సంతకానికీ పోలిక ఏంటంటారా? మా పిల్ల ఒంట్లోకి ఏం పోతోందో మాకు చెప్పక్కర్లేదు అనుకోవడం రెండు చోట్లా ఒకటే. వార్డెన్లు దుర్మార్గులని కాదు. వందల మంది పిల్లల్ని ఇద్దరి మీద పడేసి, నర్సు పోస్టు లేకుండా, రాత్రి పదింటికి తలనొప్పంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? అందుకే ప్రతి ఆశ్రమ పాఠశాలలో ఏఎన్ఎం ఉండాలని సంఘాలు ఇన్నేళ్ళుగా అడుగుతున్నాయి. అది వచ్చేదాకా కూర్చోకుండా మనం అడగగలిగేవి ఉన్నాయి. పనిచేసే బరువు కాటా ఒకటి. ఏ పిల్లకి, ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకి, ఎవరిచ్చారు అని రాసే రిజిస్టరు ఒకటి. సికిల్ సెల్, ఆయాసం, ఫిట్స్ ఉన్న పిల్లల పేర్ల జాబితా. మందు ఇచ్చిన రోజే ఇంటికి ఫోను.

ఇళ్ళల్లో మీరు చేయాల్సింది ఒక పాత నోటుబుక్కు పని. తలనొప్పి వచ్చిన తేదీ, ముందు రోజు తిన్నదీ నిద్రపోయిందీ, ఇచ్చిన బిళ్ళ, ఎంతసేపటికి తగ్గిందీ. రెండు నెలలు రాసి డాక్టరు ముందు పెడితే, కొండ దిగి వచ్చిన మనిషితో రెండు నిమిషాల్లో మాట్లాడి పంపించేయడం వాళ్ళకి కష్టమవుతుంది. చదువు రాని అమ్మ తరఫున ఆ నోటుబుక్కు రాసేది మీరే. మందు ఇంట్లో ఉంటే పసిపిల్లలకి అందకుండా పైన పెట్టండి.

నా మాటలు అయిపోయాయి. బయట వరండాలో కాటా పెట్టించాను, తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ తీసుకొచ్చినవాళ్ళు బరువు చూసి చీటీ మీద రాసుకుని వెళ్ళండి. ఇంక ప్రశ్నలు అడగండి, వెనక వరసలో ఉన్న ఆడపిల్లల నుంచి మొదలుపెడదాం.