నెల తప్పక ముందే

“నెల తప్పింది”, “నీళ్లోసుకుంది” అని తెలుగువారు చెప్పుకునే మాటలు గర్భం తెలిసివచ్చిన రోజును సూచిస్తాయే తప్ప గర్భం ఏర్పడిన రోజును సూచించవు. ఆ రెండింటి మధ్య సుమారు 2 వారాల ఎడం ఉంటుంది, తల్లికి సైతం తెలియకుండా కొత్త ప్రాణం మొదలై కుదురుకునేది ఆ ఎడంలోనే.

28 రోజులకొకసారి బహిష్టయ్యే స్త్రీలో దాదాపు 14వ రోజున అండాశయం నుంచి సాధారణంగా ఒక్క అండం విడుదలై, గర్భాశయానికి ఇరువైపులా ఉండే సన్నని గొట్టాలైన అండవాహికల్లో ఒకదానిలోకి చేరుతుంది. మిల్లీమీటరులో పదో వంతు వెడల్పుండే ఆ అండం, ఫలదీకరణకు, అంటే శుక్రకణంతో కలిసి ఒకే కణంగా మారడానికి, 12 నుంచి 24 గంటల పాటే పనికివస్తుంది. శుక్రకణాలు మాత్రం స్త్రీ దేహంలో 5 రోజుల వరకు బతకగలవు కనుక, దంపతుల కలయిక జరిగిన రోజే ఫలదీకరణ జరగాలన్న నియమం లేదు. కోట్ల సంఖ్యలో బయలుదేరిన శుక్రకణాల్లో కొన్ని వందలే అండం దరిదాపులకు చేరతాయి. వాటిలో ఒకటి లోపలికి ప్రవేశించగానే అండం చుట్టూ ఉన్న పొర గట్టిపడి తక్కినవాటికి దారి మూసేస్తుంది. తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23 క్రోమోజోములు ఒకచోట చేరతాయి. వాటిలో లింగాన్ని నిర్ణయించే క్రోమోజోముగా తల్లి ఇవ్వగలిగేది ఎక్స్ మాత్రమే. బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి కణం తెచ్చిన ఎక్స్ లేదా వై మీద ఆధారపడుతుంది కనుక, ఆడపిల్లను కన్నదని కోడలిని నిందించడం అన్యాయమే కాదు, అబద్ధం కూడా.

ఇటువంటి కలయిక మలేరియా క్రిమి వంటి సూక్ష్మజీవుల్లోనూ జరుగుతుంది, అక్కడ దానిని పోల్చుకోవడం శాస్త్రజ్ఞులకే సులువు కాలేదు. 1895లో సికింద్రాబాదులో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్, మలేరియా రోగుల రక్తం తాగిన దోమల కడుపులో, రోగక్రిమి నుంచి సన్నని పోగులు విడివడి ఈదడం చూశాడు గాని, అవి మగకణాలని గ్రహించలేదు. 1897లో విలియం మెకాలమ్ అనే వైద్యవిద్యార్థి, కాకుల రక్తంలో ఉండే అటువంటి క్రిమిలో ఆ పోగు ఆడకణంలోకి చొచ్చుకుపోవడం చూశాక గాని గుట్టు విడలేదు. అదే ఏడు ఆగస్టు 20న రాస్ దోమ కడుపు గోడలో కనుగొన్న గుండ్రని కణాలు అటువంటి కలయిక ఫలితమే.

స్త్రీ దేహంలో ఫలదీకరణ పొందిన కణం రెండుగా, నాలుగుగా విభజన చెందుతూ గర్భాశయాన్ని చేరి, సుమారు 6 రోజులకు దాని లోపలి పొరలో నాటుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు పిండపు పైపొర స్రవించే హార్మోను బహిష్టును ఆపుతుంది, గర్భనిర్ధారణ పరీక్ష పసిగట్టేదీ దానినే.

అసలు గండం నెల తప్పిన తర్వాతి రెండు వారాల్లో ఉంది. మెదడుగా, వెన్నుపాముగా మారవలసిన నాడీనాళం, అంటే పిండం వీపున మడతపడి గొట్టంలా అతుక్కునే పొర, ఫలదీకరణ జరిగిన 28వ రోజుకల్లా మూసుకోవాలి. మూసుకోకపోతే బిడ్డ వెన్నులోనో తలలోనో తీవ్రమైన లోపం మిగులుతుంది. కణాలు వేగంగా విభజన చెందడానికి కావలసిన ఫోలిక్ యాసిడ్ తగినంత లేకపోతే ఈ ముప్పు పెరుగుతుంది. రాస్ సికింద్రాబాదుకు వచ్చిన 1895లోనే భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో, అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల బృందం 1945లో ఆ విటమినును కృత్రిమంగా తయారుచేసింది. అంతకుముందు ఇటువంటి లోపం ఉన్న గర్భం దాల్చిన స్త్రీలు మళ్లీ గర్భం ధరించక ముందు నుంచే దానిని తీసుకుంటే ఆ లోపం తిరిగి వచ్చే అవకాశం 72 శాతం తగ్గుతుందని, 1991లో వెలువడిన బ్రిటిష్ వైద్య పరిశోధనా మండలి అధ్యయనం తేల్చింది. బిడ్డను కోరుకునే తక్కిన స్త్రీలు కూడా కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలన్న సలహా అందుకే. ఆస్పత్రిలో పేరు నమోదు చేయించుకున్నాక మొదలుపెట్టే మాత్ర రక్తహీనతకు మేలు చేస్తుంది గాని, ఆ నాటికి చాలామంది కడుపులో ఆ నాళం మూసుకునే గడువు దాటిపోయి ఉంటుంది.