నిట్టాడి లేని పూరిల్లు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మేడలనుగూర్చియు, దేవాలయ గోపురములనుగూర్చియు ఈ వేదికపైఁ బెద్దలు పలుమాఱు ప్రసంగించియున్నారు. నేను నేఁడొక పూరింటినిగూర్చి విన్నవింపఁ బూనితిని. అది మన దేశమునందలిది కాదు. అయినను దానిని నిలిపినది మన కులవిద్యయగు వడ్రంగమే కావున, విశ్వకర్మ సంతతివారి యీ సభకుఁ దగియుండునని నమ్మెదను.

ఇంగ్లండు దేశమున స్ట్రాట్‌ఫర్డు పట్టణమునకు సుమారు మైలు దూరమున షాటరీ యను పల్లె కలదు. అచ్చటి యొక కర్షకుని యింట షేక్స్పియరు మహాకవి భార్యయగు ఆన్ హాతవే పెరిగెను. వారి వివాహము 1582వ సంవత్సరమున జరిగినది. యాత్రికులు కవిని దలఁచుకొని యా యింటికిఁ బోవుదురు. నేనా కట్టడపు తీరు చదివి వడ్రంగిని దలఁచుకొంటిని.

ఇంటి మొదటి భాగము 1463 ప్రాంతమునఁ గట్టఁబడెను. అప్పుడు గదులు మూఁడే. మన పూరిండ్లలో నడుమ నిట్టాడి నిలిచి వెన్నుగాడిని మోయును. వాసములు దానినుండి చూరువఱకు దిగును. షాటరీ యింటి ప్రాఁతభాగమునకు నిట్టాడి యక్కఱలేదు. వంపుగల ఓకు మ్రాఁకుల నెదురెదురుగా జంటలుగా నిలిపి కొనలను బైనఁ గలిపిరి. చేతులు జోడించినట్లున్న యా జంటలే నేలనుండి కొప్పువఱకు బరువును దాల్చును. గోడలు పుల్లల యల్లికపై మెత్తిన మట్టియే కాన వానికిఁ గప్పు భారము లేదు. గడ్డికప్పు మిక్కిలి వాలుగానుండుటచే వాన నిలువక జాఱిపోవును.

నాఁటి యాంగ్ల వడ్రంగులు పచ్చికొయ్యనే చెక్కి, కుసులను బెజ్జములలోఁ జొనిపి, కొయ్యచీలలు దిగఁగొట్టుచుండిరి. కొయ్య యాఱినకొలఁది యతుకు బిగియును. చట్రమును ముందు నేలపైఁ గూర్చి, అతుకులకు గుర్తులు గీసి, విప్పి తెచ్చి స్థలమున మరల నిలుపుచుండిరి.

1543 నాఁటికి ఆన్ తాతయగు జాన్ హాతవే ఆ యింటఁ గౌలుదారు. ఆమె సోదరుఁడు బార్తొలొమ్యూ 1610లో దానిని గొనెను. పిమ్మట పొగగొట్టములును, మీఁది గదులును వెలసి, యిల్లు పండ్రెండు గదులదయ్యెను. పదుమూఁడు తరములవారందుఁ గాపురముండిరి. 1892లో షేక్స్పియరు జన్మస్థల ధర్మసంస్థ దానిఁ గొనెను. 1969లో నగ్నిచే గడ్డికప్పును, కొన్ని కొయ్యలును జెడినను, మరల బాగుచేసిరి. కాలిన కొయ్యకు బదులు కొయ్యను దొడుగుట తెలిసిన పనివారుండుటచేతనే యది సాధ్యమైనది.

సోదరులారా! ఇఁక నా తప్పు చెప్పుకొందును. మా తాతగారు స్వహస్తములతోఁ గట్టిన తాటియాకుల యింటిని నేనే విప్పించితిని. కొలత వ్రాసికొనలేదు, ఏ కొయ్యకేమి పేరో మా తండ్రిగారి నడిగియుంచలేదు. నేఁ డడుగుదమన్న వారిరువురును లేరు. వెన్నుగాడి యొక్కటి మా పెరటిలో మిగిలియున్నది. మా పిల్లలు దానిఁ జూచి మొద్దందురు.

పూరిండ్లనే కట్టుకొనుఁడని నేననను. నిప్పు భయమును, వాన బాధయు నెఱిఁగినవాఁడను. కాని ప్రతి యూరి సంఘమువారును ఇల్లు విప్పుటకుఁ ముందు దాని కొలతలను, అతుకుల రీతిని, నిట్టాడి మొదలు చూరువఱకుఁ గల పేరులను, తెలిసినచోఁ గట్టినవాని పేరును ఒక పుస్తకమున వ్రాయించి యుంచవలెనని ప్రార్థించుచున్నాను. ఆన్ పేరు లోకమెఱుఁగును. ఆమె యింటి చట్రమును నిలిపిన వడ్రంగి పేరు లోకమెఱుఁగదు. మనవారి పేరులైనను మనకుఁ దెలియవలదా?