మంచులో చిన్న విమానం



మార్గశిర పుష్య మాసాల్లో పళనిలో తెల్లవారుజామున లేచి దక్షిణానికి చూస్తే కొండలు కనిపించవు. అవి ఎక్కడికీ పోలేదని మనకు తెలుసు. పొద్దెక్కి మంచు విడిచాక మళ్ళీ అక్కడే ఉంటాయి. ఇంట్లో మనం దీన్ని మంచు అంటాం, వీధిలోకి వెళ్తే తమిళంలో పని అంటాం. రెండు భాషల్లోనూ ఒక చిత్రం ఉంది. తెల్లారి కమ్ముకునే పొగమంచుకూ, హిమాలయాల్లో దూదిపింజల్లా రాలేదానికీ ఒకటే మాట. తెలుగులోనైతే గడ్డకట్టిన నీటికి కూడా అదే మాట. నేలమీద ఉన్నవాళ్ళకు ఈ ఒక్క మాట చాలు. చిన్న విమానం నడిపేవాడికి మాత్రం ఇవి మూడు వేరు వేరు ఆపదలు. ఆ మూడింటి గురించీ ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

ఇది ఎక్కడో దూరదేశపు సంగతి అనుకోకండి. 1971 డిసెంబరు 9న మదురైలో దిగడానికి ఎత్తు తగ్గించుకుంటున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ అవ్రో విమానం చిన్నమనూరు దగ్గర కొండను ఢీకొంది. అది పగటివేళే. కాని చూపు సరిగా ఆనని వాతావరణం. 21 మంది పోయారు, 10 మంది బతికారు. 2021 డిసెంబరు 8న కోయంబత్తూరు పక్కన సూలూరు నుంచి వెల్లింగ్టన్‌కు బయలుదేరిన వైమానికదళ హెలికాప్టర్ కూనూరు దగ్గర కూలింది. జనరల్ బిపిన్ రావత్‌తో సహా అందులో ఉన్న 14 మందీ మనకు దక్కలేదు. వారిలో చిత్తూరు జిల్లాకు చెందిన తెలుగు సైనికుడూ ఒకరు. లోయలో వాతావరణం అనుకోకుండా మారడంతో హెలికాప్టర్ మేఘంలోకి వెళ్ళిందనీ, పైలట్‌కు దిక్కు తెలియకుండా పోయిందనీ విచారణలో తేలింది. యంత్రంలో లోపం లేదు. నడిపినవారు అనుభవం లేనివారూ కారు.

మరి అంత అనుభవం ఉన్నవారికి దిక్కు తెలియకపోవడమేమిటి? చిన్నప్పుడు మీరందరూ ఒప్పులకుప్ప ఆడే ఉంటారు. గిరగిరా తిరిగి ఠక్కున ఆగితే ఏమవుతుంది? కాళ్ళు ఆగినా లోకం తిరుగుతూనే ఉంటుంది. మన చెవి లోపల అర్ధచంద్రాకారంలో మూడు చిన్న గొట్టాలున్నాయి. వాటిలోని ద్రవం కదలికను బట్టి మనం ఎటు తిరుగుతున్నామో మెదడుకు తెలుస్తుంది. కాని ఒకే వేగంతో కాసేపు తిరిగితే ఆ ద్రవమూ గొట్టంతోపాటే తిరిగి, కదలిక లేనట్టే తోస్తుంది. ఆగినప్పుడేమో ఎదురు దిశలో తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. నేలమీద కన్ను ఈ పొరపాటును వెంటనే దిద్దుతుంది. పొగమంచులో కంటికి ఆసరా లేదు. విమానం ఒక పక్కకు ఒరిగి కిందికి సుడి తిరుగుతున్నా, తిన్నగానే పోతున్నానని పైలట్ మనస్ఫూర్తిగా నమ్ముతాడు.

దీనికి విరుగుడు పరికరాలు. గిర్రున తిరిగే బొంగరం తన నిలువును వదలదు కదా! ఆ సూత్రం మీద తయారైనదే కృత్రిమ దిగంత సూచిక. 1929 సెప్టెంబరు 24న అమెరికాలో జిమ్మీ డూలిటిల్ అనే పైలట్ తన చుట్టూ తెర కప్పించుకుని, బయటి ప్రపంచం ఏమాత్రం చూడకుండా, పరికరాలను మాత్రమే నమ్మి విమానాన్ని లేపి, తిప్పి, మళ్ళీ దించాడు. అయితే పరికరం ఉంటే చాలదు, దాన్ని చదివే సాధన కావాలి. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఆ సాధన లేని 20 మందితో కృత్రిమంగా మేఘంలో ఉన్న పరిస్థితి కల్పించి విమానం నడిపించారు. ఇరవైమందీ అదుపు కోల్పోయారు. అందుకు పట్టిన సగటు కాలం 178 సెకన్లు. అంటే మూడు నిమిషాలు కూడా లేదు.

ఇక రెండవది, రాలే మంచు. హిమాలయాల్లోనో, మన పిల్లలు విమానం నేర్చుకోవడానికి వెళ్ళే అమెరికా, కెనడాల్లోనో నేలంతా తెల్లగా, ఆకాశమూ తెల్లగా ఉన్నప్పుడు రెంటికీ నడుమ గీత చెరిగిపోతుంది. ఎదురుగా ఉన్న మంచుకొండ ఖాళీ ఆకాశంలా కనిపిస్తుంది. దీనికి తోడు చలి ఇంకో మోసం చేస్తుంది. ఎత్తు చూపే మీటరు నిజానికి గాలి ఒత్తిడిని కొలుస్తుంది. చలికి గాలి దగ్గరవుతుంది కనుక, మీటరు చూపేదాని కంటే విమానం తక్కువ ఎత్తులో ఉంటుంది. ఉండవలసిన ఉష్ణోగ్రతకు 10 డిగ్రీలు తగ్గితే సుమారు 4 శాతం తేడా వస్తుంది. మైదానంలో అది పెద్ద సంగతి కాదు. కొండల నడుమ అదే ప్రాణానికీ మరణానికీ తేడా.

మూడవది, గడ్డకట్టే మంచు. రెక్క మీద గరుకు కాగితమంత మంచు పేరుకున్నా, రెక్క విమానాన్ని పైకెత్తే శక్తి 30 శాతం వరకు తగ్గిపోవచ్చునని చెబుతారు. బరువు వల్ల కాదు. రెక్క మీదుగా నున్నగా జారవలసిన గాలి చెదిరిపోవడం వల్ల. పెద్ద విమానాలకు రెక్కలను వేడిచేసే ఏర్పాటు ఉంటుంది. చిన్న విమానాల్లో చాలా వాటికి అది ఉండదు.

విశేషమేమిటంటే, ఈ మూడో మంచు మన ఎండలోనూ పుడుతుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేది ఎందుకు? ఆవిరయ్యే తడి వేడిని లాగేసుకుంటుంది కనుక. చిన్న విమానపు కార్బురేటర్‌లోనూ అదే జరుగుతుంది. పెట్రోలు ఆవిరవుతూ లోపలి గాలిని 20 డిగ్రీలకు పైగా చల్లబరచగలదు. బయట 20, 25 డిగ్రీలున్నా గాలిలో తేమ ఎక్కువైతే లోపల మంచు పేరుకుని, ఇంజను ఊపిరి బిగబట్టి ఆగిపోతుంది. అందుకే వేడిగాలిని లోపలికి పంపే చిన్న మీట ఒకటి పైలట్ చేతి దగ్గర ఉంటుంది. దాన్ని ముందుగా లాగాలి, ఆగాక లాగితే ఫలితం దక్కకపోవచ్చు.

ఇన్ని జాగ్రత్తలున్నా ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయి? దీనికి జవాబు చెప్పడానికి ఒక మహానుభావుణ్ణి తలచుకోవాలి. 1950 డిసెంబరులో కోయంబత్తూరుకు రావలసిన ఎయిర్ ఇండియా డకోటా ఒకటి నీలగిరుల్లో కోత్తగిరి దగ్గర కొండను ఢీకొంది. అందులో ఉన్నవారంతా పోయారు. వారిలో అబ్రహాం వాల్డ్ అనే గణితవేత్త, ఆయన భార్య ఉన్నారు. యుద్ధకాలంలో ఆయన వేసిన లెక్క ప్రసిద్ధమైనది. గుళ్ళ దెబ్బలు తిని తిరిగివచ్చిన విమానాలను మాత్రమే చూసి నిర్ణయించకూడదు, తిరిగిరాని వాటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి అన్నది దాని సారం. మన సంగతీ అంతే. “ఇలాంటి మంచులో ఎన్నిసార్లు పోలేదు, ఏమైంది?” అనేవాడు తిరిగివచ్చినవాడు. తిరిగిరానివాడు వచ్చి మనకు చెప్పడు.

రెండో కారణం మనమే. ఎక్కినవాళ్ళ తొందర పైలట్ మెడకు చుట్టుకుంటుంది. మా వీధి నుంచి కేదారనాథ్ యాత్రకు వెళ్ళినవాళ్ళు హెలికాప్టర్ కోసం సగం రోజు కూర్చున్నారట. “డబ్బు కట్టాం, ఇంత దూరం వచ్చాం, కాస్త మంచుకే ఆపుతారా?” అని అక్కడివాళ్ళతో తగువు పడ్డామని వాళ్ళే చెప్పారు. 2022 అక్టోబరు 18న అదే కేదారనాథ్ దగ్గర, చూపు ఆనని వాతావరణంలో హెలికాప్టర్ కూలి పైలట్‌తో సహా 7 గురు పోయారు. 2025 జూన్ 15న గౌరీకుండ్ దగ్గర ఇంకో 7 గురు. ఈ సంగతి విన్నాక మా వీధివాళ్ళు ఆ సగం రోజు గురించి మళ్ళీ నిష్ఠూరంగా మాట్లాడలేదు.

మేఘం ఎదురైతే చిన్న విమానానికి అన్నిటికంటే మంచి ఉపాయం ఒకటే. లోపలికి పోకముందే వెనక్కి తిరగడం. అది పిరికితనం కాదు, ఆ వృత్తిలో నేర్వవలసిన మొదటి పాఠం.

మన పళనిలో గాలి బలంగా వీస్తే రోప్ కార్ ఆపేస్తారు. మనమెవరమూ కోపగించుకోం. వించ్ వరుసలో నిలబడతాం, లేదా మెట్లెక్కుతాం. దండపాణి ఎక్కడికీ పోడని మనకు తెలుసు. శ్రోతలారా, రేపు మీరో, మీ బిడ్డలో చిన్న విమానమో, హెలికాప్టరో ఎక్కవలసివచ్చి, నడిపేవాడు బయటికి చూసి “ఇవాళ వద్దండీ” అంటే, ఆ మాటకు దణ్ణం పెట్టి కూర్చోండి. మంచు విడుస్తుంది. కొండ అక్కడే ఉంటుంది.