మృత్యుమార్గమున సైకిలు ప్రయాణము



దక్షిణ అమెరికా ఖండము నడుమ బొలీవియా యను దేశము కలదు. దానికి సముద్రతీరము లేదు. పడమట ఆండీస్ పర్వతములు, తూర్పున అమెజాన్ నదివైపు వాలిన అడవిపల్లములు. ఆ దేశపు ప్రభుత్వ కార్యాలయములుండు లా పాజ్ నగరము సముద్రమట్టమునకు సుమారు 3,600 మీటర్ల యెత్తున నున్నది. అచ్చటినుండి యుంగాస్ అను వెచ్చని లోయల ప్రాంతమునకు దిగు పాతబాటను ఆ దేశస్థులు తమ స్పానిష్ భాషలో మృత్యుమార్గమని పిలుతురు. ఆ బాటను నేను సైకిలుపై దిగితిని. అచ్చట కన్నదియు విన్నదియు నేడు మీకు విన్నవించెదను.

ఈ బాటను 1930వ దశకమున త్రవ్విరి. 1932 మొదలు 1935 వరకు బొలీవియాకును, పొరుగుననున్న పరాగ్వే దేశమునకును చాకో యుద్ధము జరిగెను. అందు చెరపట్టబడిన పరాగ్వే సైనికులచేత కొండను తొలిపించి బాట వేయించిరి. పెక్కుచోట్ల దాని వెడల్పు మూడు మీటర్లకు మించదు. ఒక లారీ పట్టుటయే కష్టము. ఒక ప్రక్క నిట్టనిలువుగా లేచిన రాతిగోడ. రెండవ ప్రక్క లోయ. కొన్నిచోట్ల దాని లోతు 600 మీటర్లు. వానకాలమున కొండచరియలు విరిగిపడును. పొగమంచు క్రమ్మినచో పది బారల దూరము కానరాదు. జలపాతములు నేరుగా బాటమీదనే పడుచుండును.

దశాబ్దములపాటు అచ్చటి రైతులకు వేఱు దారి లేదు. వారి కాఫీయు, పండ్లును, కోకా ఆకులును ఈ బాటనే నగరము చేరవలసియుండెను. 1983 జూలై 24వ తేదీన నిండుగా జనమెక్కిన బస్సొకటి లోయలో పడి నూరుమందికి పైగా మరణించిరి. 1995లో ఇంటర్ అమెరికన్ అభివృద్ధి బ్యాంకు దీనిని ప్రపంచమున కెల్ల అపాయకరమైన దారి యని పేర్కొనెను.

మా ప్రయాణము లా కుంబ్రె అను కనుమయొద్ద మొదలయ్యెను. అది సుమారు 4,650 మీటర్ల యెత్తు. గాలి పలుచన, నాలుగడుగులు వడిగా వేసిన రొప్పు వచ్చును. మాకు దారి చూప వచ్చిన యువకుడు సారాయి చుక్కలు కొన్ని నేలపై చల్లి, సైకిలు చక్రముపై కొన్ని చల్లెను. అచ్చటివారు భూమాతను పచమామా యందురు. ఆమె సెలవు లేనిదే కొండ దిగుట తగదని వారి నమ్మకము. విత్తుటకు ముందు నేలకు మ్రొక్కు మనవారికి ఇది వింత గాదు.

సైకిలుపై కొండ దిగుట కాళ్ళ పని కాదు, చేతుల పని. వాలున దేహభారము ముందునకు ఒరుగును. అప్పుడు ముందు బ్రేకును ఒక్కసారిగా నొక్కినచో మనిషి సైకిలు తలమీదుగా ఎగిరిపడును. వెనుక బ్రేకును మాత్రమే బిగించినచో చక్రము కంకరపై జారును. కావున రెంటిని మెల్లమెల్లగా, విడుచుచు పట్టుచు నొక్కవలెను. మలుపులో గాక, మలుపునకు ముందే వేగము తగ్గించుకొనవలెను. నడుమును వెనుకకు జరిపి కూర్చుండవలెను. ఇవి యన్నియు చెప్పి ఆ యువకుడు, “అయ్యా, లోయను చూడకుడు. మీరు పోవలసిన చోటును చూడుడు. కన్ను పోయినచోటికే చక్రము పోవును” అనెను. ఆ దినమంతయు ఆ మాట నన్ను కాపాడెను.

ఆ బాటమీద నన్ను మిక్కిలి ఆకర్షించినది ఒక కట్టడి. బొలీవియాలో బండ్లు కుడిప్రక్కన నడచును. తోలువాని ఆసనము ఎడమవైపున నుండును. ఈ బాటమీద మాత్రము ఎడమప్రక్కనే నడువవలెను. దానివలన దిగుబండి లోయ అంచున పోవును, ఎక్కుబండి కొండగోడను ఆనుకొని పోవును. దిగుబండి తోలువాడు కిటికీలోనుండి తల చాచి, తన చక్రము అంచునకు ఎన్ని అంగుళముల దూరమున నున్నదో తన కంటితోనే చూచుకొనగలడు. ఇరుకున ఎదురుపడినచో దిగువాడే ఆగి దారి యీయవలెను. బరువెత్తుకొని ఎక్కువానికి ఆగిన పిదప మరల కదలుట కష్టము గదా! చెరువుకట్టపై నిండుబండి ఎదురైనప్పుడు ఖాళీబండిని ప్రక్కకు తొలగించు న్యాయమే ఇది. మేమును అంచుననే దిగితిమి. కొండగోడ ప్రక్క మాది కాదు.

దారిపొడుగున అంచులయందు సిలువలు నాటియున్నవి. చలిలో బయలుదేరినవారము కొన్ని గంటలలో 3,400 మీటర్లకు పైగా దిగి, అరటిచెట్ల నడుమ చెమటలు తుడుచుకొంటిమి. అచ్చట ఒక వృద్ధ రైతు అరుగుపై కూర్చుండియుండెను. “తాతా, ఈ దారిని లారీలపై పోయిన మీరెంత ధైర్యవంతులు!” అని ఆ యువకునిచేత చెప్పించితిని. ఆయన నవ్వలేదు. “ధైర్యము మీది. మాకు సంత యుండెను” అని బదులు చెప్పెను.

ఆ ముసలివాని మాట నాకు మనసున నాటినది. నేను రుసుము చెల్లించి వేడుకకై దిగిన దారిని వారు గత్యంతరము లేక దిగిరి. నా సైకిలు వంటి సైకిళ్ళపై వచ్చిన వేడుకకాండ్రలోను కొందఱు అచ్చట ప్రాణములు కోల్పోయిరి. ఐనను వారికి రాకయుండు స్వేచ్ఛ యుండెను. రైతుకు అది లేదు. జాగ్రత్తయు, కట్టడియు ఎందరినో కాపాడెను గాని, అందఱిని కాపాడలేదు. 2006లో వంతెనలతో, సొరంగముతో, అంచు కమ్ములతో క్రొత్తదారి తెరచిన పిదపనే ఆ ప్రాంతపు బస్సులును లారీలును పాతబాటను విడిచినవి.

ఏరు దాటి బడికి పోవు పిల్లలను, మంచముపై రోగిని మోసికొనివచ్చు మనుష్యులను చూచి వారి సాహసమును మెచ్చుకొనుట మనకు అలవాటు. మెచ్చుకొనుడు, తప్పు లేదు. కాని మెచ్చుకొనిన పిదప, ఆ సాహసమే అక్కఱలేని దారి ఎట్లు వచ్చునని పదిమంది కూర్చుండి ఆలోచింపవలెను. ఆ పని పెద్దలది.