చెవిలో చెప్పిన అంకె
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరు కాబట్టి వంతెనల గురించి చెబుతాడని అనుకుని ఉంటారు. నేను మన ఇంటర్వెల్ ఆటల గురించి మాట్లాడతాను.

గోలీలకు, బొంగరానికి డబ్బులు కావాలి. మనలో చాలామంది జేబుల్లో అవి ఉండేవి కావు. అందుకని ఏ వస్తువూ అక్కర్లేని ఆటలు మనమే కల్పించుకునేవాళ్లం. వాటిలో బుకాయింపు ఆటను తయారుచేయడం అంత తేలిక కాదు. పేకాటలో ఏ ముక్క పడుతుందో మన చేతిలో లేదు. చెడ్డ ముక్క పడ్డవాడికే బుకాయించే అవసరం. అదే వీపు వెనక వేళ్లు దాచి ఎన్నో చెప్పే ఆటయితే, రోజూ ఐదు వేళ్లే చాచి ఐదని చెప్పొచ్చు. అబద్ధంతో పనే లేదు.

మా బెంచీ కనిపెట్టిన ఉపాయం మూడోవాడు. అతను ఒకరి చెవిలో 1 నుంచి 10 లోపు ఒక అంకె చెబుతాడు. విన్నవాడు ఎదుటివాడితో తనకు నచ్చిన అంకె అంటాడు. ఎదుటివాడు ఒప్పుకుంటే అన్నవాడికి అన్ని పాయింట్లు. "బొంకు" అని పట్టుకుంటే మూడోవాడు అసలు అంకె చెప్పాలి. నిజమైతే అన్నవాడికి రెట్టింపు, అబద్ధమైతే పట్టుకున్నవాడికి ఆ పాయింట్లు.

ఎప్పుడూ నిజమే చెబితే వచ్చిన అంకెతో సరిపెట్టుకోవాలి. ఎప్పుడూ బొంకితే ప్రతిసారీ దొరికిపోతాం. అప్పుడప్పుడూ బుకాయించడం కూడా లెక్క ప్రకారం మంచి ఎత్తేనని వాన్ నాయ్‌మన్, మార్గన్‌స్టర్న్ 1944లో తమ పుస్తకంలో పేకాట ఉదాహరణతో చూపించారు. మనకు ఆ లెక్క తెలియకపోయినా ఆట తెలిసింది.

అయితే మూడోవాడు చెప్పిన అంకెకు కాగితం లేదు, సాక్ష్యం లేదు. అతను మాట మార్చితే ఆటే లేదు. అందుకే ఆ పని అందరికీ ఇచ్చేవాళ్లం కాదు. పాయింట్లలో ఎప్పుడూ వెనకబడే ఒక మిత్రుడి కోసం రెండు జట్లూ పోట్లాడుకునేవి, చెవిలో చెప్పడానికి అతనే కావాలని.

ఇద్దరూ ఒకేసారి వేళ్లు చాచి మొత్తం ఎంతో ఊహించి అరిచే ఆట రోమన్ల కాలంలోనూ ఉండేది. చీకట్లో కూడా ఎవరితో ఆ ఆట ఆడగలమో వాడే మంచివాడని వాళ్ల పల్లెల్లో ఒక సామెత. రెండు వేల ఏళ్ల కిందట సిసెరో దాన్ని ప్రస్తావించేనాటికే అది పాత సామెత.

నా ఉద్యోగంలో కాంక్రీటు దిమ్మెను 28 రోజులు నానబెట్టి, యంత్రంలో పెట్టి పగలగొడతారు. యంత్రం చూపిన అంకెను ఒక మనిషి రిజిస్టరులో రాస్తాడు. కాంట్రాక్టరు బేరమాడొచ్చు, ఇంజనీరు గట్టిగా మాట్లాడొచ్చు. ఆ అంకె మాత్రం మారకూడదు. దాని మీదే రేపు స్కూలు బస్సు వెళుతుంది.

గురువుగారూ, తరగతిలో మీరు మాకు నేర్పాలనుకున్నది చెట్టు కింద కూడా కొంత నేర్చుకున్నాం.

ఈ సాయంత్రం భోజనాలయ్యాక ముగ్గురేసి కూర్చుని ఆడదాం రండి. ఫోన్లు పక్కన పెట్టండి. చెవిలో చెప్పేవాణ్ణి మాత్రం చూసి ఎంచుకోండి.

సెలవు.