ఏ ఒక్క శాఖకూ చెందని శాస్త్రం

ఈ రోజు పట్టాలు అందుకున్న విద్యార్థులందరికీ హృదయపూర్వక అభినందనలు.

మీ పట్టాల మీద ఒక్కో శాఖ పేరు ఉంది. ఏ ఒక్క శాఖలోనూ ఇమడని ప్లాస్మా గురించి నాలుగు మాటలు చెబుతాను. వాయువును విపరీతంగా వేడిచేసినా, అందులోంచి బలమైన విద్యుత్తు పంపినా పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోతాయి. అదే ప్లాస్మా. సూర్యుడిలో, మెరుపులో, వెల్డింగ్ ఆర్క్‌లో ఉన్నది అదే. ఎంత వేడికి ఎన్ని పరమాణువులు ఇలా ఎలక్ట్రాన్లను కోల్పోతాయో లెక్కగట్టే సమీకరణాన్ని 1920లో మన భౌతికశాస్త్రవేత్త మేఘనాథ్ సాహా ఇచ్చారు.

1982లో కేంద్ర ప్రభుత్వ నిధులతో అహ్మదాబాద్‌లో ప్లాస్మా భౌతికశాస్త్ర కార్యక్రమం మొదలైంది. 1986లో అది ప్లాస్మా పరిశోధన సంస్థగా రూపుదిద్దుకుంది. 1989లో ఆ సంస్థలో, ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంలో బంధించే ఆదిత్య టోకమాక్ యంత్రం పని ప్రారంభించింది. అందులో ప్లాస్మా నిలిచేది సెకనులో చిన్న భాగమే. ఆ కాసేపటి కోసం అయస్కాంతాలు, వాక్యూమ్ పంపులు, విద్యుత్ సరఫరా, కొలత పరికరాలు అన్నీ ఒక్క తీరున నడవాలి. లాభం ఎప్పుడొస్తుందని అడిగే మదుపరి ఇలాంటి పనికి అంత తేలిగ్గా ముందుకు రాడు. ప్రభుత్వమే ఓపికగా, ఏళ్ల తరబడి ఖర్చు పెట్టాలి.

ఆ ఖర్చు వృథా కాలేదు. అంగోరా కుందేలు బొచ్చు మరీ నున్నగా ఉంటుంది, వడికేటప్పుడు జారిపోతుంది. ఆ సంస్థ శాస్త్రవేత్తలు ప్లాస్మాతో దాని పైపొరను గరుకు చేసి, పోగులు ఒకదాన్నొకటి పట్టుకునేలా చేశారు. ఆసుపత్రి వ్యర్థాలను ప్లాస్మా వేడితో విచ్ఛిన్నం చేసే యంత్రాలను కూడా రూపొందించారు. సూర్యుడి శక్తిని భూమ్మీద సాధించాలని మొదలుపెట్టిన పరిశోధన ఇలా ఉన్ని వడికేవారికీ, ఆసుపత్రులకూ పనికొచ్చింది.

అయితే ఇలాంటి పరిశోధన ప్రతిపాదనను భౌతికశాస్త్రం వారు ఇంజనీరింగ్ అని, ఇంజనీరింగ్ వారు భౌతికశాస్త్రం అని పక్కన పెట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే అమెరికాలో 1997లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్, ఇంధన శాఖ చేతులు కలిపి ప్లాస్మా పరిశోధనకు ఉమ్మడిగా నిధులివ్వడం మొదలుపెట్టాయి. మన ప్రభుత్వ శాఖలూ అలాగే కలిసి నిధులివ్వాలి. ఆ నిధులు పెద్ద సంస్థల దగ్గరే ఆగిపోకుండా మనలాంటి విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల దాకా చేరాలి.

మీలో కొందరు రేపు నిధులు అడుగుతారు, కొందరు మంజూరు చేస్తారు. అడిగేవారు పక్క శాఖ వారిని కలుపుకొని అడగండి. మంజూరు చేసేవారు ‘ఇది మా శాఖది కాదు’ అని ఫైలు తిప్పి పంపకండి. ఖర్చయ్యే ప్రతి రూపాయీ ప్రజలది. ఆ రూపాయితో ఏం తెలుసుకున్నారో వారికి అర్థమయ్యే తెలుగులో చెప్పడం మీ బాధ్యత.