ఫోను అంగడిలో మన పాల లెక్క

(పాలసంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



2020 సెప్టెంబరు 10న కేంద్రప్రభుత్వం 'ఈ-గోపాల' యాప్ విడుదల చేసింది. పశువుల సంగతులు అలా ఫోనులోకి వచ్చాయి. ఇప్పుడు పూటపూటా పాల కొలత, వెన్నశాతం, పదిరోజుల బిల్లు చూపే యాప్ తామే పెట్టుకుంటామని కొన్ని సంఘాలవారు అడుగుతున్నారు. యాప్ తయారుచేసేవారు చేస్తారు. ప్లే స్టోర్‌లో దానితోపాటు పెట్టే తెరబొమ్మలు, అంటే స్క్రీన్‌షాట్లు, మాత్రం సంఘమే చూసుకోవాలి. గుంటూరు మిర్చి యార్డులో మచ్చు చూసే కదా టిక్కీలకు ధర కడతారు!

కొలతలన్నీ పిక్సెళ్లనే చుక్కల లెక్కలో ఉంటాయి. గూగుల్ నిబంధన ప్రకారం ఏ వైపూ 320కి తగ్గరాదు, 3840కి మించరాదు. కనీసం 2 బొమ్మలు కావాలి. ఫోనుకు 8 దాకా పెట్టవచ్చు. పొడుగు వెడల్పుకు రెట్టింపు దాటరాదు. చిక్కంతా ఇక్కడే. నేడు చాలా ఫోన్ల తెర 1080 వెడల్పు, 2400 పొడుగు. 1080కి రెట్టింపు 2160 మాత్రమే. కనుక తీసిన బొమ్మ తీసినట్టే పంపితే తిరుగుటపాలో వస్తుంది. దాన్ని నొక్కి పొట్టి చేయకండి, అంకెలు చితికిపోతాయి. పైన గడియారం పట్టీ, కింద ఖాళీ చోటు కోసివేసి 1080, 1920కి తెండి. బిల్లు మొత్తం ఉన్న వరుస కోతలో పోకుండా చూడండి సుమా!

ఆపిల్ వారు మరీ పట్టుదల మనుషులు. పెద్ద ఐఫోనుకు 1290, 2796 వంటి వారు చెప్పిన కొలతే చుక్క తేడా లేకుండా ఉండాలి. మన పల్లెల్లో అది తరువాతి మాట.

ఒక సంగతి దాచకుండా చెబుతాను. మేము మొదటిసారి ఒక సభ్యురాలి బిల్లునే ఉన్నదున్నట్టు బొమ్మ తీశాము. కొలత సరిగ్గా కుదిరింది. ఆమె చూసి, "అయ్యా, నా దాణా బాకీ ఊరందరికీ చాటుతారా?" అన్నది. సిగ్గుపడ్డాము. బాకీ కోతే కాదు, బ్యాంకు ఖాతా నెంబరు కూడా అందులో ఉన్నది! అందుచేత కల్పిత పేరుతో నమూనా ఖాతా తెరిచి, దానినే బొమ్మ తీయండి. అందులో చూపే ధర మాత్రం సంఘం నిజంగా ఇస్తున్న ధరే కావాలి.

పంపేముందు ఆ బొమ్మలను చిన్న ఫోనులో, ఎండలో, పాలకేంద్రం గుమ్మం దగ్గర పెద్దవాళ్లచేత చదివించండి. వెన్నశాతం అంకె ఆనకపోతే, అక్షరం పెంచమని తయారీదారుకు చెప్పి మళ్లీ తీయించండి.